మా బూచికి లింఫోమా అన్నారు. కీమో చేయించాలా వద్దా? ఈ రాత్రికి తేల్చుకోవాలి

బూచి_అమ్మ
మాది విజయవాడ. బూచి నల్ల ల్యాబ్రడార్, మగది, 7 ఏళ్ళు, 31 కిలోలు. మూడు వారాల క్రితం మెడ నిమురుతుంటే దవడ కింద రెండు వైపులా నిమ్మకాయంత బిళ్ళలు తగిలాయి. నొప్పి లేదు, పట్టుకుంటే ఊరుకుంటాడు. ఎండాకాలం పిడుదులు బాగా పట్టాయి కాబట్టి టిక్ ఫీవర్ అయి ఉంటుందని డాక్టరు గారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండు వారాలు వేశాం, బిళ్ళలు తగ్గలేదు. ఈలోగా భుజాల ముందు, వెనక కాళ్ళ మోకాలి వెనక కూడా వచ్చాయి. సూదితో నీరు తీసి ల్యాబ్‌కి పంపారు. నిన్న లింఫ్ గ్రంథుల కేన్సర్ అని రిపోర్టు వచ్చింది. లింఫోమా.

వాడికేమో ఏమీ తెలియదు. పొద్దున కూడా గిన్నె నాకి నాకి మెరిపించాడు. గోడ మీద బల్లి కోసం అరగంట కాపలా కాశాడు. ఇలాంటి వాడిని చూసి కేన్సర్ అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. హైదరాబాద్ తీసుకెళ్ళి 19 వారాల కీమో చేయించడం. లేదంటే స్టెరాయిడ్ మాత్రలతో ఉన్నన్నాళ్ళు సుఖంగా చూసుకోవడం. కీమో వద్దనుకుంటే ఈ రాత్రి నుంచే వేయమని ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ స్ట్రిప్ చేతికిచ్చారు.

మా మామయ్యగారు "మూగజీవిని హింస పెట్టకండమ్మా" అంటున్నారు. ఆయన మాట తీసేయలేను, ఎందుకంటే మా అమ్మకు కీమో జరిగినప్పుడు పక్కనే ఉన్నాను. నోరంతా పుండ్లు, మంచినీళ్ళు కూడా దిగేవి కావు. ఆ బాధ వీడికి పెట్టి, చివరికి వీడికి ఎందుకు పెడుతున్నామో చెప్పలేని స్థితి. ఎవరైనా ఈ దారిలో నడిచి ఉంటే చెప్పండి. స్ట్రిప్ టేబుల్ మీద ఉంది.

సీతమ్మధార_సుధ
ముందు ఆ స్ట్రిప్ తీసి బీరువాలో పెట్టండి. కీమో వద్దని గట్టిగా అనుకున్నాకే మొదలుపెట్టాలి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

బూచి_అమ్మ
ఎందుకండీ? ఒక రోజు ముందు వేస్తే నష్టమా?

మూగజీవి_డాక్టర్
సుధగారు చెప్పింది నిజం. నేను కుక్కలు, పిల్లులే చూస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

స్టెరాయిడ్ వేయగానే నాలుగు రోజుల్లో బిళ్ళలు కరుగుతాయి. ఇంట్లో అందరూ తగ్గిపోయిందనుకుంటారు. కానీ చావకుండా మిగిలిన కణాలు మందుకు మొండికేస్తాయి. తర్వాత కీమో మొదలుపెడితే మందులు అంత బాగా పనిచేయవు, పనిచేసినా ఎక్కువ కాలం నిలవదు. పైగా బిళ్ళలు కరిగాక పరీక్షకు సరైన కణాలు దొరకవు.

వచ్చిన రిపోర్టు లింఫోమా అని చెప్పింది కానీ ఏ రకమో చెప్పి ఉండదు. ఏ రకం తెల్లకణాల్లో పుట్టిందో, బి-సెల్లా, టి-సెల్లా అని అడిగి పరీక్ష చేయించండి. బి-సెల్ అయితే కీమోకి బాగా లొంగుతుంది. టి-సెల్ త్వరగా తిరగబెడుతుంది. రక్తంలో కాల్షియం కూడా చూడాలి. టి-సెల్‌లో అది పెరిగి కిడ్నీలను దెబ్బతీయొచ్చు, అప్పుడు దాహం కూడా పెరుగుతుంది. ఈమధ్య నీళ్ళు బాగా ఎక్కువ తాగుతున్నాడా?

టిక్ ఫీవర్ అనుకోవడంలో మీ డాక్టరు గారి తప్పేం లేదు. మన ప్రాంతంలో పిడుదుల జ్వరానికీ బిళ్ళలు కడతాయి. కాకపోతే ఒంట్లో అన్ని చోట్లా ఒకేసారి, నొప్పి లేకుండా, గట్టిగా వస్తే లింఫోమాని అనుమానించాల్సిందే.

బూచి_అమ్మ
నీళ్ళు మామూలుగానే తాగుతున్నాడు సర్. స్ట్రిప్ బీరువాలో పెట్టేశాను.

హనుమకొండ_హరి
అందరూ కీమో అంటారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా రాజా నాటు కుక్క, 12 ఏళ్ళు. ఇదే జబ్బు. కీమో చేయించలేదు. స్టెరాయిడ్ ఒక్కటే. 52 రోజులు ఉన్నాడు. అందులో 45 రోజులు రాజాలాగే ఉన్నాడు. వాకిట్లో వేపచెట్టు కింద పడుకున్నాడు, పాలవాడి మీద అరిచాడు, నాటుకోడి తిన్నాడు. వారం రోజులు మాత్రం తగ్గిపోయాడు, ఇంట్లోనే సూది వేయించి పంపించాం. ఇప్పటికీ నాకు ఆ నిర్ణయం మీద బాధ లేదు. డబ్బు లేక కాదు. కారెక్కితే వణికేవాడు. వాడిని ప్రతి వారం కారెక్కించి ఆస్పత్రికి తిప్పడం నాకు మనస్కరించలేదు.

చేయించకపోతే ప్రేమ లేనట్టు ఎవరైనా మాట్లాడితే పట్టించుకోకండి.

సీతమ్మధార_సుధ
హరిగారూ, మీ రాజాకి 12 ఏళ్ళు. బూచికి 7. తేడా ఉంది కదండీ.

హనుమకొండ_హరి
ఉంది. అందుకే చేయించొద్దు అనలేదు. కుక్క స్వభావం చూసుకోమన్నాను.

డాలస్_కిరణ్
మా గోల్డెన్ రిట్రీవర్ హనీకి 2021లో వచ్చింది, బి-సెల్. 19 వారాల కోర్సు పూర్తి చేశాం. మొత్తం 13 నెలలు మాతో ఉంది. ఇక్కడ ఖర్చు దారుణం, మాకు 8 వేల డాలర్లు దాటింది. ఇండియాలో మనుషుల మందుల షాపులో దొరికే వయల్సే వాడతారు కాబట్టి అంత ఉండదనుకుంటా.

బూచి అమ్మగారికి ఒక మాట. మీ అమ్మగారి అనుభవంతో దీన్ని పోల్చకండి. మా నాన్నకి కూడా కీమో జరిగింది, నేనూ అదే భయంతో వెళ్ళాను. హనీ మొదటి సూది వేయించుకుని వచ్చి, ఇంట్లో నా చెప్పు ఎత్తుకుపోయింది. మొత్తం 16 సూదుల్లో మూడుసార్లు మాత్రం ఇబ్బంది పడింది.

బూచి_అమ్మ
అదెలా సాధ్యం? మందులు అవేగా?

మూగజీవి_డాక్టర్
మందులు అవే. మోతాదు వేరు, ఉద్దేశం వేరు. మనుషుల్లో జబ్బును పూర్తిగా తీసేయాలని చూస్తారు, దానికోసం కొన్ని నెలలు నరకం పడినా సరే అనుకుంటారు. తర్వాత 30 ఏళ్ళ బతుకు ఉంటుంది కాబట్టి. కుక్కకి ఆ లెక్క కుదరదు. అందుకే తక్కువ మోతాదులో ఇస్తాం. తోక ఊపుకుంటూ ఉండే రోజులు పెంచడమే లక్ష్యం. పూర్తిగా నయం అవుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

ఉన్న మాట చెబుతాను. ఏమీ చేయకపోతే 4 నుంచి 6 వారాలు. స్టెరాయిడ్ ఒక్కటే అయితే ఒకటి రెండు నెలలు. నాలుగు మందుల కోర్సు, అంటే విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, ప్రెడ్నిసొలోన్ ఇస్తే బి-సెల్‌లో నూటికి 80 నుంచి 90 కుక్కలకు బిళ్ళలు పూర్తిగా కరుగుతాయి. ఆయుష్షు సుమారు ఏడాది అటూ ఇటూ. నాలుగైదు కుక్కల్లో ఒకటి రెండేళ్ళు చూస్తుంది.

రేపల్లె_రాము
ఆగండి, స్టెరాయిడ్ వద్దని మళ్ళీ కీమోలో ప్రెడ్నిసొలోన్ ఉందంటారేంటి సార్?

మూగజీవి_డాక్టర్
మంచి ప్రశ్న. నాలుగు మందులూ వరసగా, వెంటవెంటనే మీద పడితే కణాలకి తప్పించుకునే సందు ఉండదు. స్టెరాయిడ్ ఒక్కటే ముందు పంపితే సందు చూపించినట్టు. ఆ నాలుగింటిలో కూడా దాన్ని మొదటి నాలుగు వారాలే ఇచ్చి మెల్లగా తగ్గించి ఆపేస్తారు.

ఆకుపచ్చ_బాబాయ్
ఇంత ఖర్చు ఎందుకమ్మా? బిళ్ళ గన్నేరు ఆకులు రోజూ నాలుగు నూరి రసం పట్టించండి. కేన్సర్ మందు దాన్నుంచే తీస్తారు. తిప్పతీగ కూడా కలపొచ్చు.

మూగజీవి_డాక్టర్
బాబాయ్ గారూ, మీరన్న మొదటి సగం నిజం. విన్‌క్రిస్టిన్ బిళ్ళ గన్నేరు నుంచే వచ్చింది. కానీ కిలోలకొద్దీ ఎండుటాకులో ఉండేది చిటికెడు కూడా కాదు. ఆ ఆకులో వేరే విషాలు బోలెడు. రసం పట్టిస్తే వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం. జబ్బు మీద మాత్రం ప్రభావం ఉండదు. దయచేసి పట్టించొద్దు.

ఆకుపచ్చ_బాబాయ్
తెలియక చెప్పాను. మా ఇంట్లో పసుపు, పెరుగన్నంలో కలిపి పెట్టేవాళ్ళం మా పప్పీకి. అదైనా ఫర్వాలేదా?

మూగజీవి_డాక్టర్
వంటలో వేసే చిటికెడు పసుపుతో ఏమీ కాదు. కాప్సూళ్ళు, పొడులు మాత్రం కీమో డాక్టరుకి చెప్పకుండా వేయొద్దు.

పాలకొల్లు_పద్మ
మా చింటూ స్పిట్జ్. రెండేళ్ళ క్రితం అదే కోర్సు చేయించాం. డాక్టర్లు హడావిడిలో చెప్పని సంగతులు రాస్తున్నాను.

సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే రోజు పొద్దున్నే ఇప్పించండి, సాయంత్రం వద్దు. ఆ మందు మూత్రంలోకి వచ్చి మూత్రాశయాన్ని కాలుస్తుంది. రాత్రంతా మూత్రం ఆపుకుంటే అక్కడే నిలుస్తుంది. ఆ రోజూ మర్నాడూ రెండు గంటలకోసారి బయటికి తిప్పాను. నీళ్ళు తాగడానికి ఉప్పు, ఉల్లిపాయ లేకుండా కోడి ఉడికించిన నీళ్ళు కలిపేదాన్ని. మూత్రంలో ఎర్రజీర కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి.

వాంతులకి మారోపిటెంట్ గానీ ఆండాన్సెట్రాన్ గానీ ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి. ఆదివారం రాత్రి 11 గంటలకే వాంతులు మొదలవుతాయి, అదేం లెక్కో నాకు తెలియదు.

పచ్చి మాంసం, పచ్చి గుడ్డు బంద్. తెల్లకణాలు తగ్గి ఉంటాయి కదా. స్టెరాయిడ్ వారాల్లో ఆకలి విపరీతం. మా చింటూ పూజగదిలో కొబ్బరిచిప్ప ఎత్తుకుపోయి సోఫా కింద దాచాడు. అడిగినంతా పెట్టకండి, కడుపు పాడవుతుంది.

డాలస్_కిరణ్
పద్మగారూ, కొబ్బరిచిప్ప సంగతి చదివి హనీ గుర్తొచ్చింది. ఆ నెలలో మా ఫ్రిజ్ ముందే పడక వేసింది.

బూచి_అమ్మ
వీడు మామూలు రోజుల్లోనే ల్యాబ్రడార్ అండీ. స్టెరాయిడ్ ఆకలి కూడా తోడైతే ఇల్లు తినేస్తాడు. జుట్టు రాలుతుందా?

పాలకొల్లు_పద్మ
స్పిట్జ్‌కి బొచ్చు పలచబడింది కానీ పూర్తిగా పోలేదు. మీసాలు మాత్రం రాలాయి.

మూగజీవి_డాక్టర్
ల్యాబ్రడార్‌కి భయం లేదు. పూడిల్, షిట్జూ, లాసా లాగా బొచ్చు ఆగకుండా పెరిగే జాతులకే ఎక్కువ రాలుతుంది. సూది కోసం కాలి మీద గొరిగిన చోట మాత్రం బొచ్చు ఆలస్యంగా వస్తుంది.

రాక్సీ_నాన్న
ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా రాక్సీ బాక్సర్, బెంగళూరులో చేయించాం. డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు, నరంలోకే పోవాలి. ఒకసారి అనుభవం లేని కుర్రాడు వేశాడు, రాక్సీ కాలు లాక్కుంది, మందు కొద్దిగా బయటికి కారింది. అప్పుడు ఏమీ కనిపించలేదు. వారం పైన గడిచాక ఆ చోట చర్మం నల్లబడి ఊడిపోయింది. పుండు మానడానికి రెండు నెలలు. ఆస్పత్రి పేరు చెప్పను, గొడవ కోసం రాయడం లేదు. మీరు మాత్రం అడగండి: కొత్త క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) పెడుతున్నారా, మొదటి ప్రయత్నంలోనే నరం దొరికిందా, మందుకు ముందు సెలైన్ ఎక్కించి చూశారా, మందు ఎక్కేంతసేపూ కుక్కను ఎవరు పట్టుకుంటారు. అడిగితే వాళ్ళు చిరాకు పడినా సరే, అడగండి.

మూగజీవి_డాక్టర్
రాక్సీ నాన్నగారి పోస్టును ప్రతి పదం చదవండి. విన్‌క్రిస్టిన్ కూడా బయటికి కారితే ప్రమాదమే. డాక్సోరుబిసిన్‌కి ముందు గుండె స్కాన్ కూడా చేయించండి. ఆ మందు మొత్తం ఎంత ఎక్కిందో జీవితాంతం లెక్క ఉంచాలి, ఒక హద్దు దాటితే గుండె కండరం దెబ్బతింటుంది.

బూచి_అమ్మ
ఇంకొక భయం. మా ఆడపడుచు మా ఇంట్లోనే ఉంది, ఐదో నెల.

పాలకొల్లు_పద్మ
ఆవిడ బూచి మూత్రం, మలం, వాంతి ముట్టుకోకూడదు, అంతే. మందు ఇచ్చాక మూడు రోజులు మీరు గ్లోవ్స్ వేసుకుని తీయండి, ఒకే మూల అలవాటు చేసి నీళ్ళు పోసి కడగండి. వాడి బట్ట విడిగా ఉతకండి. మందు మాత్రలు విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు. తల నిమరొచ్చు, పక్కన కూర్చోవచ్చు. నాకబోతే మూతి పక్కకు తిప్పేయమనండి.

బూచి_అమ్మ
*నాలుగో రోజు*
బి-సెల్ అని వచ్చింది. కాల్షియం మామూలుగానే ఉంది. మేం చేయిస్తున్నాం.

మామయ్యగారితో కూర్చుని డాక్టరు గారి పోస్టు చదివి వినిపించాను. "నయం చేయడానికి కాదు, మంచి రోజుల కోసం" అన్నదగ్గర ఆగి, మళ్ళీ చదవమన్నారు. తర్వాత "ఏ రోజు వాడు తిండి మానేసి మూల చేరతాడో ఆ రోజు ఆపేస్తామని మాటివ్వు" అన్నారు. ఇచ్చాను.

హరిగారూ, మీ మాట వల్లే ఒకటి గమనించాం. వీడికి కారంటే ప్రాణం. కిటికీలోంచి తల బయట పెడితే హైదరాబాద్ కాదు, ఢిల్లీ దాకా వస్తాడు.

హనుమకొండ_హరి
అయితే వెళ్ళండి. సూర్యాపేట దగ్గర ఆపి నీళ్ళు తాగించండి, ఎండలు బాగా ఉన్నాయి.

బూచి_అమ్మ
*రెండో వారం*
మొదటి సూది అయిన మూడో రోజుకే దవడ కింద చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు! వెతికి వెతికి చూశాను. ఇది తాత్కాలికమని తెలుసు. అయినా కూర్చుని ఏడ్చేశాను. వాడు నా మొహం నాకబోతే మూతి పక్కకు తిప్పాను, పద్మగారు చెప్పినట్టే.

సీతమ్మధార_సుధ
ఏడవండి, ఏం ఫర్వాలేదు. మేమూ ఇక్కడ అదే పనిలో ఉన్నాం.

బూచి_అమ్మ
*ఐదో వారం, రాత్రి 10:40*
డాక్సోరుబిసిన్ ఇచ్చి ఎనిమిదో రోజు. సాయంత్రం నుంచి డల్‌గా ఉన్నాడు, అన్నం వాసన చూసి వదిలేశాడు. థర్మామీటర్ పెడితే 104. ఏం చేయాలి?

మూగజీవి_డాక్టర్
ఇప్పుడే బయల్దేరండి. పొద్దుటిదాకా ఆగొద్దు. తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ అనేవి, అడుగుకు పడే రోజులివి, 7 నుంచి 10 రోజుల మధ్య. దగ్గర్లో 24 గంటల వెట్ దగ్గరికి వెళ్ళి "కీమోలో ఉన్నాడు, న్యూట్రోఫిల్స్ చూడండి" అనండి. నరంలో యాంటీబయాటిక్, సెలైన్. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ ఇంట్లో వేయకండి.

రేపల్లె_రాము
ఏమైందండీ?

పాలకొల్లు_పద్మ
నేనూ మేలుకునే ఉన్నాను.

బూచి_అమ్మ
*మర్నాడు*
న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయాయి. రాత్రంతా సెలైన్, యాంటీబయాటిక్. తెల్లారేసరికి జ్వరం 102.3కి దిగింది. ఇంకో రోజు అక్కడే ఉంచుతామన్నారు. హైదరాబాద్ డాక్టరుగారు తర్వాతి సారి ఆ మందు 20 శాతం తగ్గిస్తానన్నారు.

మామయ్యగారు రాత్రంతా ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆపేద్దామని అంటారనుకున్నాను. పొద్దున "ఏమన్నా తిన్నాడా?" అని మాత్రం అడిగారు.

మూగజీవి_డాక్టర్
చదివే వాళ్ళందరికీ: కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5. కీమోలో ఉండగా 103.5 దాటితే ఆస్పత్రే. థర్మామీటర్ కొనకుండా కీమో మొదలుపెట్టొద్దు.

హనుమకొండ_హరి
బూచి అమ్మగారూ, కోపగించుకోకండి, ఒకటి అడుగుతాను. ఇప్పుడైనా తేలిక దారి లేదా? వారం వారం కాకుండా?

మూగజీవి_డాక్టర్
ఉంది. డాక్సోరుబిసిన్ ఒక్కటే మూడు వారాలకోసారి, మొత్తం ఐదుసార్లు. ప్రయాణాలు, ఖర్చు తగ్గుతాయి. జబ్బు వెనక్కి తగ్గి ఉండే కాలం కూడా తగ్గుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళకి నేను తరచుగా అదే చెబుతాను. బూచికి మాత్రం సగం దారిలో మార్చాల్సిన అవసరం లేదు, ఒక్క మందు మోతాదు సర్దితే చాలు.

డాలస్_కిరణ్
ముందే చెప్పాల్సిన విషయం ఒకటి దాచాను. ఇప్పుడు చెబుతాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

హనీకి పదో నెలలో తిరగబెట్టింది. రెండో కోర్సు పెట్టాం, కొద్దిగా లొంగింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు లోముస్టిన్ అని ఇంకో మందు. దానితో లివర్ ఎంజైములు పెరిగాయి. చివరి ఐదు వారాలు హనీ కోసం కాదు, నాకోసం చేయించాను. అది నిలబడలేకపోతుంటే టవల్ వేసి పైకి లేపి బయటికి తీసుకెళ్ళేవాడిని. ఆ 13 నెలల్లో 12 నెలలకి నేను సంతోషిస్తాను. ఆ ఒక్క నెల తిరిగి ఇవ్వగలిగితే ఇచ్చేస్తాను.

ఆలిస్ విల్లలోబోస్ అనే పశు కేన్సర్ డాక్టరు తయారు చేసిన లెక్క ఒకటుంది. నొప్పి, తిండి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అనేది. ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటి ఉంటే కొనసాగించొచ్చంటారు. నేను కాగితం మీద వేయలేదు. వేస్తే 20 కూడా వచ్చేది కాదు. మీరు బాగున్న రోజుల్లోనే వేయడం మొదలుపెట్టండి, ఇంట్లో ఇద్దరు విడివిడిగా.

బూచి_అమ్మ
కిరణ్ గారూ, ఇది రాయడం మీకు ఎంత కష్టమైందో అర్థమవుతోంది. క్యాలెండర్ పక్కన కాగితం అంటించాను. నేనొకటి, మామయ్యగారొకటి. ఈ వారం నేను 58 వేశాను. ఆయన 61.

రాక్సీ_నాన్న
తాతగారి మార్కులు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి.

బూచి_అమ్మ
*ఇరవయ్యో వారం*
పదహారో సూది అయిపోయింది. గుండె స్కాన్ బాగుంది. బిళ్ళలు లేవు. ఇక నెలకోసారి చూపించమన్నారు. రోజూ రాత్రి దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక తడిమి చూసుకుంటున్నాను. వాడు దాన్ని ఆట అనుకుని వెల్లకిలా పడుకుంటున్నాడు.

అడుగుతారు కాబట్టి ఖర్చు: పరీక్షలు, ఆ జ్వరం, అన్నీ కలిపి 1 లక్షా 60 వేలు, పెట్రోలు కాక. మందుల కంటే ప్రతి సారీ చేసే రక్తపరీక్షలకీ, ఆస్పత్రికీ ఎక్కువైంది. మీసాలు మూడు మిగిలాయి. ఆడపడుచుకి పాప పుట్టింది, తొమ్మిది రోజులు. ఉయ్యాల కింద నుంచి వీడిని లేపడం ఎవరి తరం కావడం లేదు.

హనుమకొండ_హరి
ఫొటో పెట్టండి.

పాలకొల్లు_పద్మ
మీసాలు కనిపించేలా!

నెల్లూరు_జానీ
ఈ పోస్టులన్నీ ఇప్పుడే కింది దాకా చదివాను. మా జర్మన్ షెపర్డ్‌కి ఇవాళ మధ్యాహ్నం ఇదే అన్నారు. 6 ఏళ్ళు. మూడు రోజుల నుంచి తిండి సరిగా తినడం లేదు. స్టెరాయిడ్ రాసిచ్చారు, మెడికల్ షాపు ముందు నిలబడి ఉన్నాను.

బూచి_అమ్మ
కొనండి, వేయకండి. ముందు బి-సెల్లా టి-సెల్లా అడగండి, కాల్షియం చూడమనండి. నీళ్ళు ఎక్కువ తాగుతోందా? మా డాక్టరు గారు రాత్రి 9 తర్వాత ఇక్కడికి వస్తారు, ఉండండి. నేనూ ఉంటాను.